మాకీరు ఇల్లు

వాక్యభాగం: 2 సమూయేలు 9వ అధ్యాయం, 17:27–29, 19:31–39

పాశమైలారం కానివ్వండి, బొల్లారం కానివ్వండి, ఖాజీపల్లి కానివ్వండి, ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఉందంటే పక్కన ఒక కుక్క కూడా ఉంటుంది. కంపెనీ దాన్ని కొనలేదు, హాజరు పట్టీలో దాని పేరు లేదు. ఏదో వానాకాలంలో పిల్లగా గేటు కింద నుంచి దూరి వచ్చింది. క్యాంటీన్‌లో మిగిలిన అన్నం, పప్పు తిని పెరిగింది. ఏ షిఫ్టు ఎప్పుడు వదులుతారో సైరన్ మోగకముందే దానికి తెలుసు. ఒక అర్ధరాత్రి గోడ దూకబోయిన రాగి తీగ దొంగల్ని అదే పట్టించిందని గార్డులు కథలుగా చెప్పుకుంటారు. పదేళ్ళు గడుస్తాయి, మూతి నెరుస్తుంది. ఒకరోజు యూనిట్‌కు తాళం పడుతుంది, లేదా సెక్యూరిటీ కాంట్రాక్టు ఇంకో ఏజెన్సీకి పోతుంది, లేదా అన్నం పెట్టే తాత మోకాళ్ళు పట్టేసి నారాయణఖేడ్ వైపు సొంతూరికి బస్సెక్కుతాడు.

"నేనైతే ఊరికి వోతున్న సారూ. గిదాన్ని ఎవలన్న జూస్కుంటరా?"

ఈ మాటకు మన దగ్గర జవాబుండదు. పిల్ల అయితే ఎవరో ఒకరు ఎత్తుకెళ్తారు. ల్యాబ్రడార్ అయితే ముసలిదైనా ముచ్చటపడేవాళ్ళు దొరుకుతారు. వెనక కాళ్ళు వణికే ఊరకుక్క అనేసరికి, "ఇంకెన్నాళ్ళుంటది సార్, అక్కడే ఉండనియ్యండి" అంటారు. అక్కడ అంటే ఎక్కడ? తాళం పడిన గేటు ముందు, లారీలు తిరిగే రోడ్డు మీద.

దావీదు రాజు కూడా ఒకరోజు ఇలాంటి ప్రశ్నే అడిగాడు, కాకపోతే అటువైపు నుంచి. తనకు ముందు రాజైన సౌలు ఇంటివాళ్ళలో ఎవరైనా మిగిలారా, స్నేహితుడు యోనాతాను కోసం నేను మేలు చేయడానికి అని వెతికించాడు. దొరికినవాడు యోనాతాను కొడుకు మెఫీబోషెతు. రెండు కాళ్ళూ చచ్చుబడినవాడు. రాజు ముందు సాగిలపడి, చచ్చిన కుక్కలాంటి నన్ను పట్టించుకోవడమేమిటని అడిగాడు. బైబిలు కాలపు ఊళ్ళలో కుక్కకు ఇంట్లో చోటుండేది కాదు, వీధుల్లో పారేసింది తిని బతికేది. అందులోనూ చచ్చిన కుక్క అంటే తన్నడానికి కూడా ఎవరూ దగ్గరికి రారు. తన గురించి తాను వేసుకున్న లెక్క అది. దావీదు ఆ లెక్కతో వాదన పెట్టుకోలేదు. నీ వల్ల నాకేం పని జరుగుతుంది అని అడగలేదు. సౌలు భూమంతా తిరిగి ఇప్పించి, భోజనానికి రోజూ తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఈ అధ్యాయం మీద ప్రసంగాలు చాలా విన్నాం. అందరూ రాజుగారి బల్ల దగ్గరికే పరుగెత్తుతారు, ఆ దృశ్యం అంత బాగుంటుంది మరి. దారిలో ఒక ఇల్లుంది, అక్కడ ఆగేవాళ్ళు తక్కువ. దావీదు మనుషులు మెఫీబోషెతును తీసుకొచ్చింది లోదెబారు నుంచి, అమ్మీయేలు కొడుకు మాకీరు ఇంటి నుంచి. సౌలు, యోనాతాను చనిపోయారన్న కబురు వచ్చినప్పుడు ఆ పిల్లవాడికి ఐదేళ్ళు. దాది ఎత్తుకుని పరుగెత్తుతుంటే కింద పడ్డాడు, కాళ్ళు పోయాయి. రాజు కబురు వచ్చేనాటికి అతనికే ఒక చిన్న కొడుకున్నాడు, పేరు మీకా. ఈ రెండు సంగతుల మధ్య ఎన్ని సంవత్సరాలు గడిచి ఉండాలి! ఆ కాలంలో కొంతైనా మాకీరు కప్పు కిందే గడిచింది. నడవలేని మనిషికి నీళ్ళు అందించాలి, ఎండలో నుంచి నీడలోకి జరపాలి. పైగా అతను ఓడిపోయిన రాజుకు మనవడు. అలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే వచ్చే లాభం లేదు, కొత్త రాజుకు కోపం వస్తే తల పోయే ప్రమాదం మాత్రం ఉంది. మాకీరు ఎందుకు పెట్టుకున్నాడో లేఖనం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఇంటి పేరు మాత్రం రెండుసార్లు రాసిపెట్టింది.

కాపాడటానికీ బల్ల దగ్గర కూర్చోబెట్టడానికీ మధ్య ఒక ఇల్లు కావాలి. మన సంగారెడ్డి జిల్లాలో లోటంతా ఆ ఇంటి దగ్గరే ఉంది.

2025 జనవరి మొదటి వారంలో ఎద్దుమైలారం దగ్గర జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూతులు, కాళ్ళు కట్టేసి కుక్కల్ని సుమారు 40 అడుగుల ఎత్తున్న వంతెన మీద నుంచి కిందికి పడేశారు. 21 చనిపోయాయి. 11 గాయాలతో బతికాయి. జంతు సంరక్షణ సంస్థలవాళ్ళు వాటిని పైకి తెచ్చి హైదరాబాద్‌కు తరలించారు, పోలీసు కేసు పెట్టారు. రెండు రోజులు పేపర్లలో వచ్చింది. "రక్షించారు" అన్న మాట దగ్గర వార్త అయిపోతుంది, ఆ పదకొండింటికి కష్టం మాత్రం అక్కడే మొదలవుతుంది. విరిగిన కాలు అతకాలి, అతికాక ఎక్కడో ఉండాలి. నగరంలో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి శరణాలయాలున్నాయి. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన ఆ సంస్థ ఇప్పటిదాకా లెక్కలేనన్ని జంతువులకు నీడ ఇచ్చింది. అయినా శరణాలయం అంటే ఆసుపత్రి లాంటిది, రోజూ కొత్త గాయాలు లోపలికి వస్తూనే ఉంటాయి. పెంచుకుందామని వచ్చేవాళ్ళు పిల్లల గూటి దగ్గరే ఆగిపోతారు. ముసలిది మూల నుంచి లేచి వచ్చేలోపు వాళ్ళు బయటికి నడుస్తుంటారు.

మా ప్రార్థన కూటానికి వచ్చే ఒక అక్క ఇస్నాపూర్‌లో మిషన్ కుడుతుంది. రేకుల గది, ముందు చిన్న వరండా. మూతపడిన యూనిట్ గేటు దగ్గర రాణి అనే కుక్క మిగిలిపోయిందని తెలిసినప్పుడు, "ఎవరన్న దొరికేదాకా నా దగ్గర ఉంటది తియ్యండి" అంది. ముందు ఇంటి ఓనరుకు చెప్పింది, ఆ తర్వాతే తెచ్చుకుంది. రాణికి చెవులు వినపడవు. కళ్ళలో నీలం పొర. వెనక నుంచి చెయ్యి వేస్తే ఉలిక్కిపడి పళ్ళు చూపించేది. అందుకని అక్క దగ్గరికి వెళ్ళేముందు నేల మీద మడమతో రెండుసార్లు తట్టేది. ఆ అదురు తగిలి రాణి తల తిప్పి చూశాకే ముట్టుకునేది. పగలంతా తొక్కుడు మిషన్ కింద, జాకెట్టు ముక్కల కుప్ప మీద నిద్ర. మిషన్ ఆడుతున్నంతసేపు కదలదు, మిషన్ ఆగితే లేచి అక్క కాళ్ళ వైపు చూస్తుంది.

రక్తపరీక్షలో పిడుదుల నుంచి వచ్చే జ్వరం బయటపడింది, టిక్ ఫీవర్ అంటారు. మూడు నాలుగు వారాలు మాత్రలు. మాత్రను అన్నంలో పెడితే అన్నం తిని మాత్రను పక్కన ఊసేది. ఉడికించిన గుడ్డు పచ్చసొనలో పెడితే గుటుక్కున మింగేది. గుడ్డు ఖర్చు అక్కదే. ఎవరైనా డబ్బు ఇవ్వబోతే, "ఓ జాకెట్టు ఎక్కువ కుడ్త, గంతే గదా" అనేది.

మేం ఇల్లు వెతికాం. వెతకడం కూడా ఒక పరిచర్యే అని అప్పుడు అర్థమైంది, ఎందుకంటే అబద్ధం ఆడాలన్న శోధన అడుగడుగునా ఉంటుంది. పది దాటిన కుక్కను ఏడేళ్ళది అని చెబితే ఇల్లు త్వరగా దొరుకుతుంది. జ్వరం సంగతి దాచితే ఇంకా త్వరగా దొరుకుతుంది. తీరా నెల తిరక్కుండా ఆ ఇంటివాళ్ళు దాన్ని రింగ్ రోడ్డు పక్కన దించేసి పోతారు. అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ మనుషుల కోర్టులకే అనుకుంటాం, ముసలి కుక్కను చేతులు మార్చేటప్పుడు కూడా అది వర్తిస్తుంది. వయసు ఇంత, పళ్ళు ఇలా అరిగాయి, చెవుడుంది, తెల్లవారుజామున లేవడానికి కష్టపడుతుంది, పటాకుల చప్పుడు వినపడకపోయినా నేల అదిరితే వణుకుతుంది, టీకా కార్డు ఇదిగో అని అన్నీ ముందే చెప్పాలి. ఆ తర్వాత మనం అడగాల్సినవీ ఉన్నాయి. సొంతిల్లా, అద్దెదా? పగలు ఇంట్లో ఎవరుంటారు? డాక్టరు ఖర్చు ఎవరిది? కుదరకపోతే వీధిలో వదలకుండా మాకే తిరిగి ఇస్తారా?

ఒకాయన తోటకు కాపలా కావాలని వచ్చాడు. "బాగ మొరుగుతదా?" అన్నది ఆయన మొదటి మాట. మొరగదు అన్నాం, వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, అవసరం చెప్పాడు. ఇంకొకరు ఫొటో అడిగారు, చూశాక మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. చివరికి సంగారెడ్డి నుంచి రిటైరైన దంపతులు వచ్చారు, పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ పెద్దావిడ అడిగింది: "ఇది ఎక్కడ పడుకుంటది అమ్మా?" అక్క మిషన్ కింద చూపించింది. ఆవిడ వంగి, ఆ జాకెట్టు ముక్కల కుప్పను మూటగట్టి ఇవ్వమంది. వాసన మారితే కుక్క బెంగపడుతుందని ఎవరూ ఆవిడకు చెప్పలేదు. కొత్తచోట మొదటి రోజుల్లో గేటు వేసే ఉంచమని, మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించమని మాత్రం మేం చెప్పాం. తప్పించుకున్న కుక్క పాత గేటు వైపే పరుగెత్తుతుంది. మధ్యలో ముంబై హైవే ఉంది.

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. ఇదే ఇస్నాపూర్‌లో 2024 జూన్‌లో వీధికుక్కలు ఒక వలస కూలీ కుటుంబం బిడ్డను కరిచి చంపాయి. పని కోసం వచ్చినవాళ్ళు బిడ్డను పోగొట్టుకున్నారు. ఆ ఊరి పేరు రాస్తూ కుక్కల మీద దయ గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర ధ్యానాలేవీ లేవు. అయితే నేను అడుగుతున్న దయ, కవరులో అన్నం తెచ్చి వీధి మూల గుమ్మరించి బైక్ మీద వెళ్ళిపోయే దయ కాదు. పేరు, టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, గేటు లోపల చోటు, ఏదైనా జరిగితే జవాబు చెప్పే ఒక మనిషి. కుక్కకు ఇవి దొరికిన చోట పిల్లలకూ భయం తగ్గుతుంది. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనూ ఈ ముడి ఉంది: కుక్కను పెంపకానికి తీసుకున్నవారు అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకోవాలి.

ఇంకొకరు అడుగుతారు, అడగాలి కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు, మనుషులకే దిక్కులేని చోట కుక్క గొడవేమిటని. ఆ ప్రశ్నను నేను తీసిపారేయను. కాంట్రాక్టు కార్మికుడి పేరు గేటు దగ్గరి రిజిస్టరులో సరిగ్గా లేకపోవడం, పదేళ్ళు కాపలా ఉన్న కుక్కను తాళం వేసి వదిలేయడం, ఈ రెండింటి బరువు ఒకటి కాదు. పుట్టే చోటు మాత్రం ఒకటే అనిపిస్తుంది. పనికొచ్చినన్నాళ్ళు వాడుకుని, పని తీరాక ఎవరో కూడా గుర్తుపెట్టుకోని మనసు అది. దావీదు వెతికించింది పని తీరిపోయినవాణ్ణే.

మాకీరు కథలో ఇంకో మలుపుంది. చాలా ఏళ్ళకు కొడుకు అబ్షాలోము తిరగబడితే, దావీదు తానే ఇల్లు విడిచి పారిపోయి మహనయీముకు చేరాడు. అక్కడికి పరుపులు, పాత్రలు, గోధుమలు, పప్పుదినుసులు, తేనె, వెన్న మోసుకొచ్చిన ముగ్గురిలో లోదెబారు మాకీరు ఉన్నాడు. రాజైనా కుంటివాడైనా, దిక్కు లేనప్పుడు ఆయన చేసే పని ఒకటే.

ఆ ముగ్గురిలో మరొకడు బర్జిల్లయి. ఎనభై ఏళ్ళవాడు. యుద్ధం ముగిశాక దావీదు, నాతో యెరూషలేముకు రా, నేను పోషిస్తాను అని పిలిచాడు. పెద్దాయన రానన్నాడు. తిండి రుచి తెలియడం లేదు, పాటలు చెవిన పడటం లేదు, నా ఊళ్ళో నా తల్లిదండ్రుల సమాధి దగ్గరే నన్ను పోనివ్వమన్నాడు. దావీదు బలవంతం చేయలేదు. ముద్దుపెట్టుకుని, దీవించి పంపాడు. ఇక్కడా అదే రాజు, అదే బల్ల. మెఫీబోషెతుకు ఆ బల్ల జీవం, బర్జిల్లయికి భారం.

జంతువుల మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఇక్కడ ఎక్కువగా పొరబడతారు. కనబడిన ప్రతి ముసలి కుక్కనూ ఎత్తుకెళ్ళి ఫామ్‌హౌస్‌లో పెట్టేస్తే మేలు చేశామనుకుంటారు. రామచంద్రాపురం కాలనీలో ఒకే మెట్ల కింద పదేళ్ళు పడుకున్న కుక్క, చెవికి ఆపరేషన్ కోత ఉన్నది, ఐదారు ఇళ్ళవాళ్ళు పేరు పెట్టి పిలిచేది, దాన్ని సదాశివపేట అవతల కొత్త తోటలో దించితే తిండి మానేస్తుంది. ఆపరేషన్, టీకా అయిన వీధికుక్కను పట్టుకున్న చోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పడంలోనూ అర్థముంది. అలాంటిదానికి కొత్త ఇల్లు అంటే పాత మెట్ల కింద ఒక గోనెసంచి, చలికాలంలో రెండోది, ఏటా టీకా, ఇదంతా నా బాధ్యత అని కాలనీలో ఒక మనిషి చెప్పడం. తాళం పడిన గేటు దగ్గరిదాన్ని మాత్రం తరలించాల్సిందే, అక్కడ పిలిచేవాళ్ళే లేరు. ఏది మెఫీబోషెతో ఏది బర్జిల్లయో దూరం నుంచి తెలియదు. నాలుగు రోజులు వెళ్ళి, అది ఎవరి అడుగు చప్పుడుకు తోక ఊపుతుందో చూడాలి.

ప్రార్థన: ప్రభువా, పని తీరిపోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడవు నీవు. ఈ పారిశ్రామికవాడల్లో బిడ్డల్ని, భర్తల్ని, అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న ఇళ్ళను ముందుగా జ్ఞాపకం చేసుకో. కొద్దిపాటి చోటున్న మాకు ఆ చోటు పంచుకునే ధైర్యం ఇవ్వు. నీవు మాకు అప్పగించిన మూగజీవుల విషయంలో మేము నిజమే మాట్లాడేలా మా నోటిని కాపాడు. తరలించాల్సినదాన్ని తరలించే ఓపిక, వదిలేయాల్సినదాన్ని దాని చోట వదిలేసే వివేకం మాకు దయచెయ్యి. ఆమేన్.

ఈ రోజు డ్యూటీకి వెళ్ళేటప్పుడు మీ గేటు దగ్గర కుక్క ఉంటే, దాని పేరేమిటో గార్డును అడగండి. ఆయన వెళ్ళిపోతే అన్నం పెట్టేదెవరో కూడా అడగండి. ఆ కుక్కకు రేబిస్ టీకా పడిందో లేదో ఎవరికీ తెలియదంటే దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలలో కనుక్కోండి. సెప్టెంబరు 28, ప్రపంచ రేబిస్ దినాన, చాలాచోట్ల పెంపుడు కుక్కలకు ఆ టీకా ఉచితంగానే వేస్తారు.